లీవర్ రైఫిల్‌కి ఏ తూటా? జంతువు కంటే ముందు దూరం చూసుకోండి

“బావా, లీవర్ రైఫిల్ కొందామనుకుంటున్నా. థర్టీ-థర్టీయా, ఫార్టీఫైవ్-సెవెంటీయా?”

ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉండే మా బావమరిది రెండేళ్ల కిందట ఫోన్ చేసి అడిగాడు. లీవర్ రైఫిల్ అంటే ట్రిగ్గర్ దగ్గరున్న పిడిని కిందికి లాగి పైకి తెస్తే తర్వాతి తూటా ఎక్కే తుపాకీ. వాడు చెప్పిన ఆ రెండు పేర్లూ దాంట్లో వాడే తూటాలవి. ఆఫీసులో పక్క సీటాయన నవంబరు రాగానే సెలవు పెట్టి జింకల వేటకి పోతుంటే, వీడూ ఒకసారి వెంట వెళ్లి, చలికి వణుకుతూ చెట్టు మీద కూర్చుని వచ్చాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. నేను డాలస్ దగ్గర ఉంటాను. తూర్పు టెక్సస్ పైన్ అడవుల్లో పదేళ్లుగా జింకలూ అడవి పందులూ కొడుతున్నాను. ఆ ధీమాతో “థర్టీ-థర్టీ తీసుకోరా, కళ్లు మూసుకుని కొను” అనేశాను.

తప్పు చెప్పాను. ఒహాయోలో థర్టీ-థర్టీతో జింకని కొట్టడానికి చట్టం ఒప్పుకోదు. వాడు కౌంటర్ దగ్గర కార్డు తీసి డబ్బు కట్టబోతుంటే షాపు పెద్దాయనే “ఏ జంతువు కోసం బాబూ?” అని అడిగి ఆపాడట. ఆ సాయంత్రం వాడు నాకు ఫోన్‌లో పెట్టిన చివాట్లు ఇక్కడ రాయను.

అప్పటి నుంచి ఎవరడిగినా మొదట తూటా పేరు చెప్పడం మానేశాను. ఏ రాష్ట్రం, కూర్చునే చోటు నుంచి ఎంత దూరం కనిపిస్తుంది, ఇంతకుముందు ఏం కాల్చావు అని అడుగుతాను. ఏ జంతువు అన్నది నాలుగో ప్రశ్న. చాలామంది దాన్ని మొదటి ప్రశ్న చేసుకుని, ఎలుగుబంటిని ఊహించుకుని పెద్ద తూటా కొని, చివరికి దాంతో చిన్న జింకని కూడా సరిగ్గా కొట్టలేక అవస్థ పడతారు. ఇది వేరేవాళ్ల కథ కాదు, నాదే. ఆ సంగతికి వస్తాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముచ్చట ముగిసింది కాబట్టి ఇదంతా అమెరికాలో ఉన్నవాళ్ల కోసమే. ఇంకో మాట. కింద ‘తూటా’ అంటే ఇత్తడి గొట్టం, మందు, వెనక నుంచి ఆ మందుని అంటించే ప్రైమర్, ముందున్న లోహపు ముక్క, అన్నీ కలిపిన మొత్తం. ‘గుండు’ అంటే బారెల్లోంచి బయటికి పోయే ఆ లోహపు ముక్క ఒక్కటే. గుండు బరువు గ్రెయిన్లలో చెబుతారు. మనవాళ్లకి ఇది కొత్త లెక్కేమీ కాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఖాయం చేసిన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. థర్టీ-థర్టీలో వాడే 170 గ్రెయిన్ల గుండు తులానికి కాస్త తక్కువ. ఫార్టీఫైవ్-సెవెంటీలో పాతకాలపు 405 గ్రెయిన్ల గుండు సరిగ్గా రెండుంబావు తులాలు. ఈ ఒక్క పోలిక మనసులో ఉంటే సగం విషయం అర్థమైనట్టే.

గొట్టంలో ఉన్న తిరకాసు

లీవర్ రైఫిల్ అనగానే కళ్లముందుకొచ్చేది బారెల్ కింద ఇంకో సన్నటి గొట్టం. అదే మ్యాగజైన్. తూటాలు దాంట్లో రైలు డబ్బాల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనక తూటా ముక్కు ముందు తూటా ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. ఆ ముక్కు సూదిగా, గట్టిగా ఉంటే, రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు అదే ఫైరింగ్ పిన్నులా పొడిచి ముందున్న తూటాని గొట్టంలోనే పేల్చేసే ప్రమాదం ఉంది. మీ ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా ఆ గొట్టం మీదే. అందుకే వీటిలో ముక్కు బల్లపరుపుగా ఉన్న గుండ్లే వాడతారు.

బల్లపరుపు ముక్కుకి ఒక లాభం, ఒక నష్టం. తగిలినచోట గట్టిగా దెబ్బ తీస్తుంది. కానీ గాలిలో దాని పని అంతంతమాత్రం, వేగం గబగబా పడిపోతుంది. నూట యాభై గజాల దాకా మహారాజు, రెండు వందలు దాటితే నేలకి దిగుతూ ఉంటుంది. 2000ల మధ్యలో హార్నడీ కంపెనీ లెవరెవల్యూషన్ అని మెత్తటి రబ్బరు లాంటి ముక్కు పెట్టిన తూటాలు తెచ్చింది. ముక్కు సూదిగానే ఉంటుంది కానీ నొక్కితే వంగుతుంది, కాబట్టి గొట్టంలో భయం లేదు. దాంతో ఇంకో యాభై గజాలు కలిసొచ్చాయి. అంతకుమించి ఆశించొద్దు.

కాబట్టి లీవర్ రైఫిల్ కొనడం అంటేనే “నేను దగ్గర నుంచి వేటాడతాను” అని ఒప్పుకోవడం. ఆ ఒప్పందం నచ్చకపోతే, గడియలా వెనక్కి లాగి తోసే బోల్ట్ రైఫిల్ కొనుక్కోండి, తక్కువ డబ్బులకి ఎక్కువ దూరం పోతుంది. నచ్చితేనే మిగతాది చదవండి.

థర్టీ-థర్టీ: పాత చింతకాయ పచ్చడి

జాన్ బ్రౌనింగ్ గీసిన వించెస్టర్ 1894 మోడల్ కోసం 1895లో వచ్చిన తూటా ఇది. అప్పటిదాకా వేట తుపాకుల్లో నల్లమందే. పొగరాని కొత్త మందుతో అమెరికాలో వచ్చిన తొలి వేట తూటాల్లో ఇదొకటి. మొదటి 30 అంటే గుండు వ్యాసం సుమారు అంగుళంలో నూటికి ముప్పై వంతులు, రెండో 30 అంటే అప్పట్లో పోసిన 30 గ్రెయిన్ల మందు. వించెస్టర్ దీనికి తన పేరే పెట్టుకుంది. పోటీదారైన మార్లిన్ తన తుపాకీ మీద వించెస్టర్ పేరు చెక్కడం ఇష్టం లేక “30-30” అంది. చివరికి ఆ పేరే నిలిచింది. 94 మోడల్ ఒక్కటే 70 లక్షలకు పైగా తయారైంది. అమెరికాలో తాత నుంచి మనవడికి వచ్చిన తుపాకీ ఏదైనా ఉందంటే అది ఇదే అయ్యుంటుంది.

అంకెలు చూస్తే గొప్పగా ఏమీ ఉండవు. మామూలు 150 గ్రెయిన్ల తూటాలో గుండు సెకనుకు సుమారు 2,390 అడుగుల వేగంతో బయలుదేరుతుంది, 1,900 ఫుట్-పౌండ్ల శక్తితో. నూరు గజాల దగ్గర ఆ శక్తి 1,350 అవుతుంది. రెండు వందల దగ్గర 950కి అటూఇటూ. నూరు గజాలకి గురి సరిచేసి పెడితే, రెండు వందల గజాల దగ్గర ఏడెనిమిది అంగుళాలు కిందికి దిగుతుంది. లెవరెవల్యూషన్ 160 గ్రెయిన్ల తూటా అయితే రెండు వందల దగ్గర కూడా 1,300 మిగులుతుంది.

ఈ అంకెలు జింకకి చాలు. అడవి పందికి చాలు. దగ్గర్లో నల్ల ఎలుగుబంటికీ చాలు. 170 గ్రెయిన్ల గుండు సరైన చోట పడితే వంద గజాల లోపు ఎల్క్ కూడా పడిపోతుంది. కొట్టినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. నేనైతే కొత్తవాళ్లకి ఆ సలహా ఇవ్వను. ఎల్క్ మన కణుజు లాంటి పెద్ద జింక, మగది సుమారు 700 పౌండ్లు తూగుతుంది. అది పక్కకి తిరిగి కదలకుండా నిలబడినప్పుడే ఈ గుండు పని చేస్తుంది. ఏటవాలుగా నిలబడితే భుజం ఎముక దాటుకుని లోపలికి వెళ్తుందన్న ధీమా ఉండదు.

థర్టీ-థర్టీలో అసలు గొప్ప భుజానికి తెలుస్తుంది. ఏడు పౌండ్ల రైఫిల్లో దాని తన్ను సుమారు 12 ఫుట్-పౌండ్లు. ఒక మధ్యాహ్నం కూర్చుని నలభై తూటాలు కాల్చినా, మర్నాడు ఆఫీసులో బ్యాగు తగిలించుకుంటే నొప్పి ఉండదు. నలభై కాల్చగలిగితే నేర్చుకుంటారు. ఐదు కాల్చి చాలించేవాడు నేర్చుకోడు. పైగా వేట సీజన్ ముందు అమెరికాలో ఏ చిన్న ఊళ్లో షాపుకి వెళ్లినా ఈ డబ్బా దొరికే అవకాశం ఎక్కువ.

రైఫిల్ విషయంలో ఒక్కటే చూసుకోవాలి. పాత వించెస్టర్ 94 ఖాళీ తూటాని పైకి ఎగరేస్తుంది, నెత్తిమీద స్కోప్ బిగించడానికి కుదరదు. 1948లో వచ్చిన మార్లిన్ 336 పక్కకి తోసేస్తుంది, పైభాగం చదునుగా ఉంటుంది. నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకి ఇది చిన్న తేడా కాదు. మార్లిన్ యజమాని రిమింగ్టన్ దివాలా తీసినప్పుడు 2020లో మార్లిన్‌ని రూగర్ కంపెనీ కొనుక్కుంది. 2023 నుంచి 336 మళ్లీ వాళ్ల చేతుల మీదుగా వస్తోంది.

ఫార్టీఫైవ్-సెవెంటీ: రెండుంబావు తులాల గుండు

ఇది థర్టీ-థర్టీ కంటే పాతది. 1873లో అమెరికా సైన్యం కోసం వచ్చింది. 45 అంటే గుండు వ్యాసం, 70 అంటే 70 గ్రెయిన్ల నల్లమందు. సైన్యం వదిలేశాక చచ్చిపోవాల్సిన తూటా. కానీ 1972లో మార్లిన్ 1895 పేరుతో కొత్త రైఫిల్ తెచ్చి, 1998లో దాన్నే పొట్టి బారెల్‌తో గైడ్ గన్ అని అమ్మేసరికి మళ్లీ యవ్వనం వచ్చింది. అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య తిరిగే గైడ్లు భుజాన వేసుకునే తుపాకుల్లో ఇదొకటి. ఆ ఫోటోలు చూసే మనలాంటివాళ్లు కొంటాం.

కొనేముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఫార్టీఫైవ్-సెవెంటీ అంటే ఒక తూటా కాదు, ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడిన మూడు తూటాలు. మొదటిది 1873 నాటి ట్రాప్‌డోర్ తుపాకీలో కూడా కాల్చగలిగే మెత్తటి రకం: 405 గ్రెయిన్లు, సెకనుకు 1,330 అడుగులు. రెండోది కొత్త మార్లిన్ లాంటి లీవర్ రైఫిళ్ల కోసం గట్టిగా దట్టించినది. మూడోది రూగర్ నంబర్ 1 లాంటి ఒక్క తూటా రైఫిళ్లకి మాత్రమే. డబ్బా మీద ఏ తుపాకీకి అని రాసి ఉంటుంది, చదవాలి. ఎవరి తాతగారి ట్రాప్‌డోరో చేతికొస్తే, దాంట్లో కొత్త గట్టి తూటా పెట్టడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

లీవర్ రైఫిల్‌కి లెవరెవల్యూషన్ 325 గ్రెయిన్లది మంచి మధ్యేమార్గం. సెకనుకు 2,050 అడుగులు, బయలుదేరేటప్పుడు 3,000 ఫుట్-పౌండ్లు, నూరు గజాల దగ్గర 2,150, రెండు వందల దగ్గర 1,500. ఎల్క్‌కి, దానికంటే పెద్ద జింక అయిన మూస్‌కి, ఎలుగుబంటికి ఇది నిండైన శక్తి. మొదటి రకం మెత్తటి 405 గ్రెయిన్ల గుండు అయితే నూరు గజాలకి గురి పెడితే రెండు వందల దగ్గర రెండడుగులు దిగుతుంది. అదేమీ లోపం కాదు. యాభై, అరవై గజాల దట్టమైన పొదల్లో దాన్ని మించింది లేదు. నెమ్మదిగా పోయే లావు గుండు మాంసాన్ని కూడా తక్కువ పాడుచేస్తుంది. థర్టీ-థర్టీతో కొడితే భుజం దగ్గర నెత్తురు గడ్డకట్టి పారేయాల్సిన ముక్క, దీనితో కొడితే కూరలోకి వస్తుంది.

ఇక తన్ను. అదే ఏడు పౌండ్ల రైఫిల్లో 325 గ్రెయిన్ల తూటా సుమారు 35 ఫుట్-పౌండ్లు తన్నుతుంది. థర్టీ-థర్టీకి దాదాపు మూడు రెట్లు.

నా మొదటి లీవర్ రైఫిల్ ఇదే. గైడ్ గన్. షాపులో గోడకి వేలాడుతుంటే చూసి కొన్నాను. టెక్సస్‌లో నాకు ఎలుగుబంటి ఎదురుపడే యోగం లేదని అప్పుడు గుర్తు రాలేదు. మొదటి డబ్బా ఇరవై తూటాలు పళ్ల బిగువున కాల్చాను. గుండ్లు కాగితం మీద చెల్లాచెదురుగా, ఎక్కువ కింది ఎడమ మూలకి పడుతున్నాయి. తుపాకీ బాగోలేదు అన్నాను. స్కోప్ బాగోలేదు అన్నాను. నాకు వేట నేర్పిన పెద్దాయన ఏమీ అనకుండా రైఫిల్ తీసుకుని, అటు తిరిగి, తూటాలు ఎక్కించి ఇచ్చాడు. రెండు పేల్చాను. మూడోసారి ట్రిగ్గర్ నొక్కితే “టిక్” అని చప్పుడు. పేలలేదు. మధ్యలో ఒక డమ్మీ తూటా పెట్టాడు. తన్ను లేకపోయినా నా రైఫిల్ మూతి జానెడు కిందికి దిగిపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాను. తెరిచి చూస్తే పెద్దాయన బల్ల మీద వేళ్లు తాటిస్తూ నావైపు చూస్తున్నాడు.

అదే బెదురు. పేలుడు వస్తుందని ఒంటికి ముందే తెలిసి, రాకముందే ముడుచుకోవడం. అడవిలో ఆ జానెడు తేడా అంటే జింక కడుపులో తగిలిన గుండు, చీకటి పడ్డాక టార్చ్ లైటుతో నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరగడం. నేను అలా ఒక రాత్రి తిరిగాను, దొరకలేదు. ఆ సీజన్‌లో మిగతా రోజులు ఆయన పాత 336 అరువు తెచ్చుకున్నాను. ఆరు నెలలు దానితో కాల్చాక మళ్లీ ఫార్టీఫైవ్-సెవెంటీ చేతిలోకి తీసుకున్నాను, అదీ మెత్తటి 405 తూటాలతో. వాటి తన్ను ఇరవై పైచిలుకు, భరించొచ్చు. ఇప్పుడు గట్టి తూటాలూ కాల్చగలను. కానీ ఒక కూర్పులో పది దాటితే ఆపేస్తాను.

కాబట్టి, మొదటి రైఫిల్‌గా ఫార్టీఫైవ్-సెవెంటీ కొంటున్నవాళ్లతో నేను వాదించను. తుపాకీతో పాటు రెండు డబ్బాల మెత్తటి తూటాలు కొనమని మాత్రం చెబుతాను. సీజన్‌కి ముందు గట్టివి ఎన్ని కాల్చాలో మీ భుజాన్ని అడగండి. ధర కూడా చూసుకోండి. ఈ ఇరవై తూటాల డబ్బా థర్టీ-థర్టీ కంటే బాగా ఎక్కువ పడుతుంది. డబ్బు లేకనో నొప్పికో సాధన తగ్గించేస్తే, రైఫిల్ ఎంత బలమైనదైనా ఒకటే.

గొట్టం లేని లీవర్లు

ఒకసారి కొలరాడోకి ఎల్క్ వేటకి వెళ్లాం. నా దగ్గర గైడ్ గన్. నాలుగో రోజు పొద్దున మంచు పట్టిన గడ్డిమైదానం అవతల చెట్ల అంచున మగ ఎల్క్ పక్కకి తిరిగి నిలబడింది. దూరం కొలిచే యంత్రంలో 270 గజాలు చూపించింది. మూడు వందల గజాలకి నా 325 గుండు రెండడుగుల పైనే దిగుతుందని నాకు తెలుసు. నూరు గజాలకి మూడంగుళాలు ఎత్తుగా గురి పెట్టుకున్నా అంతే. నేను తుపాకీ ఎత్తలేదు. అది ఓ నిమిషం నిలబడి, తోక చూపించి చెట్లలోకి వెళ్లిపోయింది. నాతో వచ్చినవాడి దగ్గర బ్రౌనింగ్ బీఎల్ఆర్ అనే లీవర్ రైఫిల్, .308 తూటాది ఉంది. అతనైతే కొట్టేవాడే, కానీ ఆ పొద్దున లేవలేక టెంట్‌లోనే పడుకున్నాడు.

బీఎల్ఆర్ కింద విడిగా తీసే పెట్టె మ్యాగజైన్ ఉంటుంది. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటాయి కాబట్టి సూది ముక్కు గుండ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. హెన్రీ లాంగ్ రేంజర్ కూడా ఇలాంటిదే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వించెస్టర్ 1895 మోడల్‌కి పెట్టె మ్యాగజైనే, థియోడర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకి .405 తూటాతో తీసుకెళ్లింది దాన్నే. శావేజ్ 99లో చుట్టూ తిరిగే మ్యాగజైన్ పెట్టారు.

.308లో 150 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,820 అడుగులతో బయలుదేరి, రెండు వందల గజాల దగ్గర కూడా 1,700 ఫుట్-పౌండ్లు మిగుల్చుకుంటుంది. తన్ను 18 దగ్గర, థర్టీ-థర్టీకీ గైడ్ గన్‌కీ మధ్యలో. కొలరాడో, మోంటానా లాంటి ఎత్తైన బయలు ప్రదేశాల్లో లీవరే కావాలి అనుకునేవాళ్లకి ఇదొక్కటే తెలివైన దారి. బీఎల్ఆర్ .30-06లో, .300 విన్‌మ్యాగ్‌లో కూడా వచ్చింది కానీ, .308 చాలు అంటాను. గొట్టం రైఫిల్ చేతిలో పట్టుకుంటే నడుము దగ్గర సన్నగా, అరచేతిలో ఇమిడిపోతుంది. పెట్టె మ్యాగజైన్ ఉన్నది అక్కడే పొడుచుకొస్తుంది, చేత్తో మోసుకుని నడిచేటప్పుడు తెలుస్తుంది. అందం గురించి నేను మాట్లాడను, ఎవరి కళ్లు వాళ్లవి.

ఒహాయో వాళ్ల గొడవ వేరు

ఇప్పుడు మా బావమరిది సంగతి. ఒహాయో చదునైన పొలాల దేశం, ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని జింక వేటకి రైఫిల్ తూటా గొట్టం గోడలు నిటారుగా ఉండాలి, మెడ దగ్గర నొక్కుకుపోయి ఉండకూడదు అని షరతు. వ్యాసం .357 నుంచి .50 దాకా. ఇలాంటి నిటారు తూటాల గుండ్లు లావుగా, నెమ్మదిగా ఉంటాయి, ఎక్కువ దూరం పోవు. థర్టీ-థర్టీకి మెడ ఉంది కాబట్టి కుదరదు, ఫార్టీఫైవ్-సెవెంటీ కుదురుతుంది. పైగా అక్కడ మ్యాగజైన్‌లోనూ, తూటా పేలే చోటైన ఛాంబర్‌లోనూ కలిపి మూడు తూటాలకి మించి పట్టకుండా అడ్డు పెట్టాలి. అయోవాలోనూ నిటారు తూటా షరతు ఉంది. ఇవి ఏటా మారుతుంటాయి. ఆ రాష్ట్రం ఆ సంవత్సరం వేసిన వేట పుస్తకం చూడకుండా తుపాకీ కొనకండి. నాలాంటి బావ మాట అసలు వినకండి.

ఈ షరతుల పుణ్యమా అని ఒక కొత్త తూటా పుట్టింది. 2023లో రిమింగ్టన్ తెచ్చిన .360 బక్‌హామర్. థర్టీ-థర్టీ ఇత్తడి గొట్టాన్నే మెడ లేకుండా నిటారుగా చేసి, .358 గుండు పెట్టారు. 200 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,200 అడుగులు. అంటే థర్టీ-థర్టీ కంటే కాస్త బలం, తన్ను కూడా కాస్తే ఎక్కువ. హెన్రీ వాళ్లు దీనికి లీవర్ రైఫిళ్లు చేస్తున్నారు. జింకలు తప్ప ఇంకేం కొట్టని ఒహాయో మనిషికి ఇది చక్కగా సరిపోతుంది. ఒక్క లోపం, తూటాలు పెద్ద షాపుల్లోనే దొరుకుతాయి.

మిగతా రాష్ట్రాల్లో షరతులు ఇంకోలా ఉంటాయి. కొలరాడోలో పెద్ద జంతువులకి నూరు గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. ఎల్క్‌కి గుండు 85 గ్రెయిన్లకి తగ్గకూడదు. ఒంటి మీద 500 చదరపు అంగుళాల నారింజ లేదా గులాబీ రంగు మెరుస్తూ ఉండాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. బే ఏరియా వాళ్లు ముందు ఆ రకం తమ తూటా కొలతలో (కాలిబర్‌లో) దొరుకుతుందో లేదో చూసుకోవాలి. థర్టీ-థర్టీలో, ఫార్టీఫైవ్-సెవెంటీలో దొరుకుతాయి. అరుదైన కాలిబర్లలో కష్టం. బ్రౌన్ ఎలుగు కోసం అలాస్కా వెళ్లే బయటి రాష్ట్రంవాళ్లకి లైసెన్సు ఉన్న గైడ్ గానీ, అక్కడ ఉండే దగ్గరి బంధువు గానీ తోడుండాలి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బీ లాంటి తాత్కాలిక (నాన్-ఇమిగ్రెంట్) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. గ్రీన్ కార్డు వాళ్లకి ఈ బెడద లేదు. స్నేహితుడి తుపాకీ సరదాగా కాల్చి ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి తర్వాత టెన్షన్ పడటం కంటే, ముందే లాయర్ని అడగడం చౌక. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఎలాగూ చెయ్యాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ అది తప్పనిసరి.

మిగతా తూటాలు

.35 రిమింగ్టన్ 1906 నాటిది, 200 గ్రెయిన్ల లావు గుండు. పాత మార్లిన్ 336ల్లో కనిపిస్తుంది. పొదల్లో జింకకి బంగారం, కానీ డబ్బా దొరికినప్పుడు నాలుగు కొని దాచుకోవాలి. 1964 నాటి .444 మార్లిన్, 2000లో వచ్చిన .450 మార్లిన్ రెండూ బలమైనవే. కానీ అవి చేసే పని ఫార్టీఫైవ్-సెవెంటీ చేస్తుంది, దానికి తూటా దొరుకుతుంది. ఇంట్లో ఇప్పటికే ఉంటే వాడుకోండి, కొత్తగా వెతుక్కుని కొనొద్దు.

.44 మ్యాగ్నం రివాల్వర్ తూటా. పొట్టి లీవర్ కార్బైన్‌లో 240 గ్రెయిన్ల గుండు సెకనుకు 1,760 అడుగులు పోతుంది. నూరు గజాల దగ్గర సుమారు 1,015 ఫుట్-పౌండ్లు మిగులుతుంది, కొలరాడో గీత మీద అంచున నిలబడినట్టు. తూర్పు టెక్సస్‌లో ఎరగా మొక్కజొన్న చల్లే డబ్బా దగ్గరికొచ్చిన పందుల్ని యాభై గజాల్లో కొట్టడానికి నాకు ఇంతకంటే సరదా తుపాకీ లేదు. ఎల్క్‌కి మాత్రం తీసుకెళ్లకండి.

చివరికి వాడేం కొన్నాడు

బావమరిది కూర్చునే చోటు పొలం గట్టు మీద చెట్టు. ఎక్కువలో ఎక్కువ నూట ఇరవై గజాలు కనిపిస్తుంది. అంతకుముందు వాడు కాల్చింది .22 అనే చిన్న తూటా మాత్రమే. ఎల్క్ వేటకి నాతో రావాలని కోరిక ఉంది కానీ సెలవు దొరకదు. నేను బక్‌హామర్ అన్నాను. వాడు ఫార్టీఫైవ్-సెవెంటీ కొన్నాడు. ఎందుకంటే షాపులో గోడకి వేలాడుతుంటే చూశాడట. సరే అనుకుని ఆ వారాంతం విమానం ఎక్కి వెళ్లాను.

మెత్తటి 405 తూటాలే తీసుకెళ్లాను. తూటాలు లోపలికి తోసే చిన్న తలుపు, అదే లోడింగ్ గేట్, స్ప్రింగు గట్టిగా ఉండి, మొదటి నాలుగు తూటాలు తోసేసరికి వాడి బొటనవేలు చర్మం లేచింది. కొత్త తుపాకులకి ఇది మామూలే. ఒక తూటాని పూర్తిగా తోసెయ్యకుండా, దాని చివర గేటులోనే ఉంచి, వెనక వచ్చే తూటాతో ముందుదాన్ని తోస్తే వేలు గేటు అంచుకి తగలదు. వెనకాల ఉండే సుత్తి లాంటి హ్యామర్‌ని పేలకుండా దించడం ఖాళీ తుపాకీతో వందసార్లు చేయించాను. ముందు బొటనవేలితో హ్యామర్ని గట్టిగా పట్టుకుని, అప్పుడు ట్రిగ్గర్ నొక్కి, కొంచెం దించగానే ట్రిగ్గర్ వదిలేయాలి, అప్పుడు సగం దగ్గర ఆగుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు జారేది ఇక్కడే. అందుకని మూతి ఎప్పుడూ నేల వైపు.

ముందు ఇరవై ఐదు గజాల దగ్గర కాగితం మీద పడుతున్నాయో లేదో చూశాం. తర్వాత యాభైకి. తర్వాత నూరు గజాలకి రెండంగుళాలు ఎత్తుగా సరిచేశాం. అలా పెట్టుకుంటే ఆ చెట్టు మీది నుంచి వాడికి కనిపించే దూరమంతా మధ్యలోనే గురి పెట్టి కాల్చొచ్చు, లెక్కలు వెయ్యక్కర్లేదు. నూట ఇరవై గజాల దగ్గర ఒక కర్రకి నారింజ రంగు గుడ్డ కట్టాడు. ఆ గుడ్డ అవతల జింక ఉంటే తుపాకీ ఎత్తకూడదు.

పద్నాలుగో తూటా అయ్యాక నేను జేబులోంచి డమ్మీ తీసి, వాడు నీళ్లు తాగుతున్నప్పుడు మధ్యలో పెట్టాను. టిక్. మూతి కొంచెం కదిలింది, అరంగుళం. వాడు నావైపు తిరిగి “ఇదేంటి బావా, పేలలేదు?” అన్నాడు. తూటాలు ఇంకా ఆరు మిగిలాయి. మళ్లీ ఎక్కించాం.